తన క్షేమము – ఊరి క్షేమము

తెలుగునాట పూర్వము ఉత్తరము వ్రాయువారు కాగితము పైభాగమున "క్షేమము" అని వ్రాసి, "ఉభయకుశలోపరి" అను మాటతో విషయము నారంభించెడివారు. "ఇచ్చట మేమందరము క్షేమము. అచ్చట మీరందరును క్షేమముగా నున్నట్లు జాబు వ్రాయవలెను" అని పెద్దలు చెప్పుచుండగా పిల్లలు వ్రాసెడివారు. వాడుకలో అరిగిపోయిన వాక్యమే యైనను, దానిలో ఆలోచింపదగిన విషయ మొకటి కలదు. ఉత్తరము వ్రాయువాడు ఒక్కడు. క్షేమముగా నున్నవారు మాత్రము "అందరము". జాబు అందుకొనువాడు ఒక్కడు. కుశలప్రశ్న మాత్రము "మీరందరు" అని. ఉభయకుశలమనగా ఇరువైపులవారి మేలు. ఒక్కని క్షేమమును విడదీసి చెప్పవలెనను ఆలోచనయే ఆ పెద్దలకు తట్టలేదు.

క్షేమమనగా నేమి? ధనము సమృద్ధిగా నుండుటయే క్షేమమని కొందరు తలంతురు. ఆరోగ్యమే మహాభాగ్యమను సామెత వారికి తగిన సమాధానము చెప్పుచున్నది. ఒడలిలో రోగము లేకుండుటయే క్షేమమని మరికొందరు తలంతురు. వారికిని సమాధానము చెప్పవలసియున్నది. దృఢమైన దేహము కలవాడు అప్పులబాధచే నిద్రపట్టక రాత్రియంతయు దొర్లుచుండినచో, అతడు క్షేమముగా నున్నాడన దగునా? తిండికిని నిద్రకును లోటులేకున్నను, కష్టము వచ్చినపుడు తలుపు తట్టుటకు ఒక్క యిల్లయినను లేనివాడు క్షేమముగా నున్నాడన దగునా?

ఈ ప్రశ్నను ప్రపంచదేశములును ఆలోచించినవి. రెండవ ప్రపంచయుద్ధము ముగిసిన పిమ్మట, 1946 జూలైలో అనేక దేశముల ప్రతినిధులు న్యూయార్కు నగరమున సమావేశమై ప్రపంచ ఆరోగ్య సంస్థకు నిబంధనావళిని సిద్ధపరచిరి. అది 1948 ఏప్రిల్ 7వ తేదీన అమలులోనికి వచ్చెను. అందుచేతనే యేటేట ఆ దినమును ప్రపంచ ఆరోగ్య దినముగా పాటింతురు. వ్యాధి లేనంతమాత్రమున ఆరోగ్యమున్నట్లు కాదనియు, దేహము, మనస్సు, సంఘజీవనము ఈ మూడును బాగుగా నున్నపుడే ఆరోగ్యమున్నట్లనియు ఆ నిబంధనావళి తాత్పర్యము. ముక్కాలిపీటకు ఒక కాలు విరిగినచో, తక్కిన రెండుకాళ్ళు ఎంత గట్టివైనను, దానిపై కూర్చున్నవాడు పడకమానడు. క్షేమమును అట్టిదే.

ఈ మూడింటికి గల సంబంధమును తెలిసికొనుటకు దూరదేశములకు పోవలసిన పనిలేదు. ప్రకాశం జిల్లాలో ఒంగోలునకు దక్షిణముగా, చెన్నై–విజయవాడ రైలుమార్గముమీద సింగరాయకొండ యను ఊరు కలదు. సింగరాయడనగా నరసింహస్వామి. అక్కడి వరాహలక్ష్మీనరసింహస్వామి ఆలయము ప్రసిద్ధమైనది. తూర్పున కొలది దూరములో పాకల గ్రామమును, సముద్రతీరమును ఉన్నవి. చెన్నైనుండి కలకత్తాకు పోవు జాతీయరహదారి ఈ ఊరిమీదుగానే పోవును. 1970 ఫిబ్రవరిలో ఒంగోలు జిల్లా యేర్పడువరకు ఈ ప్రాంతము నెల్లూరు జిల్లాలో చేరియుండెను. ఆ కొత్త జిల్లాకే 1972లో టంగుటూరి ప్రకాశం పంతులుగారి పేరు పెట్టబడెను.

సింగరాయకొండలో నిలిచి సముద్రమునకు వీపు త్రిప్పినవానికి మూడు దారులు కలవు. పడమటి దారి కందుకూరుమీదుగా కనిగిరి, పొదిలి మెట్టప్రాంతములకు పోవును. ఉత్తరపు దారి ఒంగోలు దాటి, గుంటూరు వైపున పత్తి, మిరప పండు నల్లరేగడి నేలలకు పోవును. దక్షిణపు దారి కావలి దాటి నెల్లూరికి పోవును. ఇరువదవ శతాబ్దములో ఈ మూడు దిక్కులందును జరిగిన మూడు సంగతులు, దేహక్షేమము, మనఃక్షేమము, సంఘక్షేమము వేరువేరు కావని నిరూపించినవి.

మొదటి సంగతి పడమటి దారిలోనిది. తీరమునందలి తోటలను దాటి పడమరకు పోయినకొలది రాతినేలలు, తుమ్మచెట్లు, మెట్టచేలు ఎదురగును. అక్కడ వాన తక్కువ. ప్రజలు త్రాగునీటికై ఎక్కువగా బావులమీదనే ఆధారపడియుండిరి. 1930 తరువాతి సంవత్సరములలో అక్కడి రైతులు ఒక వింతవ్యాధిని గమనించిరి. దుక్కిటెద్దులు కీళ్ళు బిగిసి, నొప్పిచే అడుగు వేయలేకపోవుచుండెను. తరువాత మనుష్యులలోను ఆ లక్షణములే కనబడెను. నడివయస్సులోనే వెన్ను బిగిసిపోవును, మెడ త్రిప్పుటకు వీలుకాదు, మోకాళ్ళు వంగవు. పిల్లల పండ్లపై పసుపుపచ్చని, గోధుమవన్నె చారలు కనబడును. ఎంత తోమినను ఆ చారలు పోవు.

కారణము తెలియనిచోట మనుష్యులు విధిని నిందింతురు, లేదా రోగినే నిందింతురు. కాని ఈ వ్యాధికి కారణము విధియు కాదు, రోగియు కాడు. ఎచ్. ఇ. షార్ట్, సి. జి. పండిట్, టి. ఎన్. ఎస్. రాఘవాచారి యను ముగ్గురు శాస్త్రజ్ఞులు నెల్లూరు జిల్లాలోని ఈ వ్యాధిని పరిశోధించి, 1937లో వైద్యపత్రికయందు తమ వ్యాసమును ప్రకటించిరి. బావినీటిలో మితిమీరియున్న ఫ్లోరైడు అను లవణమే ఈ వ్యాధికి మూలమని తేలెను. ఫ్లోరోసిస్ అని పేరుపొందిన ఈ వ్యాధి మానవులలో కలదని భారతదేశమున తొలుత వెల్లడియైనది ఈ ప్రాంతమునందే.

ఫ్లోరైడు నీటిలోనికి ఎట్లు వచ్చును? నల్లరాయి మొదలగు కొన్ని శిలలలో ఫ్లోరిన్ గల ఖనిజములుండును. భూమిలోనికి ఇంకిన వాననీరు ఆ శిలల పగుళ్ళలో చిరకాలము నిలిచియుండగా, ఫ్లోరైడు కొంచెము కొంచెముగా కరగి నీటిలో చేరును. వాన తక్కువయైనచోట భూమిలోనికి కొత్తనీరు చాలినంత చేరదు. పాతనీటిలో గాఢత పెరుగును. ఆ నీరు తేటగా నుండును, వాసన యుండదు, నాలుకకు ఏ దోషమును తెలియదు. కాచినను ఫ్లోరైడు పోదు. నీరు ఆవిరియై తగ్గినకొలది మిగిలిన నీటిలో దాని పాలు హెచ్చును. కంటికి, ముక్కునకు, నాలుకకు చిక్కని శత్రువు ఇది.

అట్లని ఫ్లోరైడు పూర్తిగా విషమని తలంపరాదు. స్వల్పముగా నున్నపుడు అది పండ్లు పుచ్చిపోకుండ కాపాడును. లీటరు నీటిలో ఒకటిన్నర మిల్లీగ్రాములకు మించియుండరాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ హద్దు విధించినది. ఒక మిల్లీగ్రాము లోపల నుండుట మేలని భారతదేశపు ప్రమాణము చెప్పుచున్నది. ఆ హద్దును చాల మించిన నీటిని ఏండ్లతరబడి త్రాగినచో, ఫ్లోరైడు ఎముకలలో పేరుకొని వానిని పెళుసుపరచును, కీళ్ళను బిగించును. ఒకసారి వంగిన వెన్నును మరల నిలువబెట్టు మందు లేదు. రాకుండ చూచుకొనుటయే దీనికి మందు.

ఈ వ్యాధి అందరిని సమానముగా బాధింపదు. ఎండలో కాయకష్టము చేయువాడు నీడపట్టున కూర్చున్నవానికంటె ఎక్కువ నీరు త్రాగును. ఎక్కువ ఫ్లోరైడు అతని దేహమున చేరును. పాలు, ఆకుకూరలు, పండ్లు చాలినంత దొరకని యింట ఎముకలకు బలము తక్కువ. వ్యాధి అక్కడ మరింత తీవ్రమగును. పెరుగుచున్న పిల్లల పండ్లకు, ఎముకలకు హాని త్వరగా కలుగును. కష్టించి పనిచేయువాడే ముందుగా కృశించుట ఇందలి విషాదము.

దేహముతో మొదలైన బాధ అక్కడితో ఆగదు. గారపండ్ల పిల్ల నలుగురిలో నవ్వుటకు సిగ్గుపడి నోటికి చేయి అడ్డము పెట్టుకొనును. కొడవలి పట్టలేని తండ్రి తన యింటిలోనే తాను బరువైతినని క్రుంగిపోవును. ఆ ఊరి నీరు మంచిది కాదని, ఆ ఊరికి పిల్లనిచ్చుటకు బయటివారు వెనుకాడుదురు. నీటిలోని లవణము ఎముకను చేరి, ఎముకనుండి మనస్సును చేరి, మనస్సునుండి ఊరి పెండ్లిపందిరివరకు ప్రాకినది.

ఇట్టిచోట ఒక్కడు తనకుతాను ఏమి చేసికొనగలడు? వేకువనే లేచి, వ్యాయామము చేసి, శుచిగా నుండి, మితముగా భుజించినను, త్రాగునీరే చెడ్డదైనపుడు ఆ నియమములు అతనిని కాపాడజాలవు. కలవాడు తన పెరటిలో సొంతబావి త్రవ్వించుకొనవచ్చును. కాని పెరడు వేరైనంతమాత్రమున భూమిలోని రాయి వేరు కాదు. ఈ కాలమున యంత్రముతో శుద్ధిచేసిన నీటిని క్యానులలో పోసి అమ్ముచున్నారు. కొనగలిగినవాడు దానిని కొని తప్పించుకొనవచ్చును. కొనలేనివాడు పాతబావికే పోవును. ఒకడు తప్పించుకొనినంతమాత్రమున ఊరు తప్పించుకొన్నట్లు కాదు. అతని పొలములో పనిచేయు కూలివానికి నడుము వంగకున్నచో ఆ పొలమున నాట్లు ఎవరు వేయుదురు?

కనుక ఈ వ్యాధికి మందు నలుగురి ప్రయత్నమువలననే లభింపవలెను. నాగపూరులోని జాతీయ పర్యావరణ ఇంజనీరింగు పరిశోధన సంస్థవారు 1970 తరువాతి దశకములో సులభమైన శుద్ధిపద్ధతి నొకదానిని రూపొందించిరి. తగిన పాళ్ళలో సున్నము, బ్లీచింగు పొడి, పటిక నీటిలో కలిపి, బాగుగా త్రిప్పి నిలువయుంచినచో, ఫ్లోరైడు మడ్డితో కూడ అడుగునకు దిగును. పైని తేరిన నీటిని వడబోసి వాడుకొనవచ్చును. ఫ్లోరోసిస్ చే మిక్కిలి బాధపడిన తెలంగాణములోని జిల్లా పేరిట దీనికి నల్గొండ పద్ధతి యని పేరు వచ్చెను. ఇంతకంటె శాశ్వతమైన మార్గము నదీజలము. నదులలోను వాననీటిచే నిండు చెరువులలోను సాధారణముగా ఫ్లోరైడు తక్కువ. 1955 డిసెంబరు 10న శంకుస్థాపన జరిగిన నాగార్జునసాగరమునుండి 1967 ఆగస్టులో కాలువలకు నీరు విడిచిరి. దాని కుడికాలువ కృష్ణాజలమును గుంటూరు జిల్లామీదుగా ప్రకాశం జిల్లాలోని దర్శి ప్రాంతమువరకు తెచ్చెను. ఎక్కడనో కృష్ణానదికి ఆనకట్ట కట్టిన కూలీల చెమట, దూరమున నొక పసిపాప పండ్లను కాపాడుచున్నది. ఆ కూలీకి ఆ పాప యెవరో తెలియదు.

రెండవ సంగతి ఉత్తరపు దారిలోనిది. ఇది మనస్సునకు సంబంధించినది. గుంటూరు, ప్రకాశం జిల్లాల నల్లరేగడి నేలలలో పత్తి ప్రధానమైన పంట. పత్తి తెల్లబంగారమని ప్రతీతి. కాని బంగారము పండించుటకు పెట్టుబడి కావలెను; పెట్టుబడికి అప్పు కావలెను. 1987–88 సంవత్సరమున తెల్లదోమ యను పురుగు ఈ జిల్లాల పత్తిచేలపై విరుచుకుపడెను. రైతులు మందు చల్లిరి, దోమ తగ్గలేదు. మరల చల్లిరి, దోమ ఇంకను హెచ్చెను. మందునకు తెల్లదోమ అలవాటుపడగా, దానిని పట్టి తిను మిత్రపురుగులు మాత్రము చచ్చినవి. ఇట్లు పురుగును చంపబోయి పైరును కాపాడు కావలివారిని చంపుకొన్నట్లయ్యెను. పంట పోయెను, అప్పు మిగిలెను. ఆ యేడు దిక్కుతోచక ప్రాణములు తీసికొనిన రైతులు పలువురు.

వారి దేహములకు రోగము లేదు. నాగలి పట్టి దున్నగల చేతులు వారివి. క్రుంగిపోయినది మనస్సు. మనస్సు క్రుంగుటకు ఒక్క అప్పే కారణము కాదు. ఆ అప్పును తానొక్కడే మోయుచున్నానను తలంపు మరియొక కారణము. బాకీవాడు వాకిట నిలుచునేమోనని వెరచి, మానవంతుడైన రైతు రచ్చబండకు పోవుట మానును. భార్యతో కూడ మాటాడుట తగ్గించును. మాట తగ్గినకొలది భారము పెరుగును. దెబ్బ తగిలినవాడు మూలుగుట తప్పుకానట్లే, మనస్సు నొచ్చినవాడు ఆ మాటను మరియొకనితో చెప్పుకొనుట తప్పుకాదు. అట్లు చెప్పుకొనుటకు ఇంటిలో ఒకరు, ఊరిలో ఒకరు, అవసరమైనచో వైద్యుడు ఒకరు ఉండవలెను. వినువారు లేని ఊరిలో మందులంగళ్ళెన్ని యున్నను మనస్సునకు క్షేమము లేదు.

తెల్లదోమవలన వ్యవసాయశాస్త్రము నేర్చుకొనిన పాఠమును ఇట్టిదే. పసుపుపచ్చని అట్టలకు జిగురు పూసి చేలో నిలిపినచో దోమలు వాని కంటుకొనును. వేపగింజల కషాయము చల్లుట, మందును అవసరమైనపుడు మాత్రమే అవసరమైనంత వాడుట, ఒకే పైరును ఏటేట వేయక మార్చివేయుట మొదలగు పద్ధతులు మేలైనవని అధికారులు బోధించిరి. కాని తెల్లదోమకు గట్టు తెలియదు. ఒక రైతు జాగ్రత్తపడి ప్రక్కరైతు జాగ్రత్తపడనిచో, ప్రక్కచేలోని దోమ ఎగిరి ఈ చేలో వ్రాలును. ఊరి చేలన్నింటిలో కలసికట్టుగా చేసినపుడే ఆ పద్ధతులు ఫలించును. చేలగట్లు మనుష్యులు పెట్టుకొన్న హద్దులు. లాభనష్టములు ఆ హద్దులను లెక్కచేయవు.

మూడవ సంగతి దక్షిణపు దారిలోనిది. కావలికి పోయి పడమరగా తిరిగినచో కలిగిరి మండలమున దూబగుంట యను పల్లె కలదు. 1990 ప్రాంతమున ఆంధ్రదేశములోని వేలాది పల్లెలవలె దూబగుంటయందును సారా ప్రవహించుచుండెను. త్రాగునీటికి మైళ్ళు నడువవలసిన ఊళ్ళలో కూడ సారా గుమ్మమువద్దకే వచ్చుచుండెను. పగలెల్ల కూలి చేసిన మగవాడు సాయంకాలము కూలిడబ్బులో చాలభాగమును సారాదుకాణములో పోసి, చీకటిపడిన పిమ్మట తూలుచు ఇంటికి చేరును. పొయ్యిమీది కుండలో ఎసరు కాగుచుండును, పోయుటకు బియ్యముండవు. అడిగిన యిల్లాలికి దెబ్బలు. పిల్లవాడు బడి మానును. ఒక్కని నాలుక రుచికి ఇంటిలోని అందరి దేహములు, మనస్సులు మూల్యము చెల్లించుచుండెను.

1991లో నెల్లూరు జిల్లాలో అక్షరాస్యతోద్యమము మొదలయ్యెను. పగలు పనిచేసిన స్త్రీలు రాత్రివేళ పలక చేపట్టి ఓనమాలు దిద్దిరి. వారి వాచకములోని ఒక పాఠము సీతమ్మ కథ. త్రాగుబోతు భర్తవలన ఒక యిల్లాలు పడిన బాధలను అది వర్ణించును. ఆ పాఠమును చదివిన దూబగుంట స్త్రీలకు అది పుస్తకములోని కథవలె తోచలేదు. ప్రతి యిల్లాలును అంతవరకు తన కష్టము తన తలవ్రాత యనుకొనెను. ప్రక్కన కూర్చున్నదాని కన్నులలోను అదే నీరు చూచినపుడు, అది తలవ్రాత కాదనియు, ఊరికంతటికి పట్టిన వ్యాధియనియు వారికి తెలిసెను. వారు ఒక్కటై తమ ఊరిలో సారాదుకాణమును మూయించిరి. ఆ స్త్రీలకు ముందునిలిచిన రోశమ్మ పేరు దూబగుంట రోశమ్మ యని దేశమంతట వినబడెను.

తరువాత జరిగినది మరింత ఆశ్చర్యకరము. దూబగుంట స్త్రీల విజయమే "ఆడవాళ్ళు ఏకమైతే" అను పేర మరియొక పాఠమై, తక్కిన పల్లెలలోని రాత్రిబడులకు చేరెను. దానిని చదివిన స్త్రీలు తమ ఊళ్ళలోను చీపుళ్ళు, కారపుపొడి చేతబట్టి సారాదుకాణములకు అడ్డునిలిచిరి. 1992లో నెల్లూరు జిల్లాలో సారా వేలముపాటలు వారి ప్రతిఘటనచే పలుమారులు ఆగిపోయెను. సారావలన ప్రభుత్వమునకు కోట్లకొలది రూపాయల ఆదాయము వచ్చుచుండెను. ఆ ధనము ఎవరి యింటి బియ్యపుకుండలోనుండి వచ్చుచున్నదో స్త్రీలు వీధిలో నిలిచి చూపించిరి. 1993 ఏప్రిల్ లో నెల్లూరు జిల్లాలోను, అదే సంవత్సరము అక్టోబరు 1వ తేదీనుండి రాష్ట్రమంతటను సారా నిషేధింపబడెను. 1995 జనవరి 16న సంపూర్ణ మద్యనిషేధము అమలులోనికి వచ్చెను.

కథ అంతటితో సుఖాంతమైనదని చెప్పుట సత్యము కాదు. 1997లో సంపూర్ణ మద్యనిషేధము సడలింపబడెను. సారా పోయినను ఇతర మద్యములు మరల వచ్చినవి. శాసనము వచ్చినంతనే పని ముగిసినదని ఊరు నిద్రించినచో, పోయిన వ్యాధి మారువేషముతో తిరిగివచ్చునని దీనివలన తెలియుచున్నది. కాని ఆ ఉద్యమమువలన కలిగిన ఒక మేలు తొలగిపోలేదు. సారాకు పోవు డబ్బు మిగిలిన యిండ్ల స్త్రీలు, పొదుపులక్ష్మి పేరిట జట్లుగా చేరి దినమునకొక రూపాయి చొప్పున కూడబెట్టసాగిరి. ఆ పొదుపుసంఘముల పద్ధతి తరువాత రాష్ట్రమంతట వ్యాపించెను. జ్వరము వచ్చినను, బడి జీతము కట్టవలసివచ్చినను, వడ్డీవ్యాపారి గుమ్మమునకు పోకుండ తమ సంఘమునందే అప్పు తీసికొనుట స్త్రీలు నేర్చిరి. రూపాయికంటె విలువగలది అందు మరియొకటి కలదు: వారమునకొకసారి పదిమంది ఒకచోట కూర్చుండి ఒకరి మంచిచెడ్డలు మరియొకరు తెలిసికొనుట. పత్తిరైతుకు ఆనాడు లేకపోయినది అదియే.

ఈ మూడు సంగతులను ప్రక్కప్రక్కన ఉంచి చూచినచో క్షేమమునకు కావలసిన అంగములు తేటపడును. మొదటిది దేహము: శుద్ధమైన నీరు, చాలినంత ఆహారము, శుభ్రత, నిద్ర. రెండవది మనస్సు: భయమును సిగ్గును లేని బ్రతుకు, చెప్పుకొనుటకు ఒక మనిషి, చేయుటకు ఒక పని. మూడవది కుటుంబము: చేయిచేసికొనని యజమాని, దాపరికములేని మాట. నాలుగవది విద్య: కష్టమునకు కారణమును కనుగొను కన్ను. నీటిలోని ఫ్లోరైడును చూపినది విద్యయే. సీతమ్మ కథను చదివించినదియు విద్యయే. ఐదవది నలుగురి నమ్మకము: కలసి కాలువ త్రవ్వుకొనుటకు, కలసి పురుగును అదుపుచేయుటకు, కలసి దుకాణమును మూయించుటకు అది ఆధారము.

దేశముల బాగోగులను కొలుచువారును ఇటీవల ఈ మాటనే అంగీకరించిరి. ఒక దేశమునకు ఎంత ధనమున్నదని మాత్రమే పూర్వము లెక్కించెడివారు. 1990లో పాకిస్తాను ఆర్థికవేత్త మహబూబుల్ హక్, భారతీయుడైన అమర్త్యసేన్ మొదలగువారి ఆలోచనలచే ఐక్యరాజ్యసమితివారు మానవాభివృద్ధి సూచిక యను కొత్త కొలతను ప్రవేశపెట్టిరి. ప్రజలు ఎన్నేండ్లు బ్రతుకుచున్నారు, ఎంత చదువుకొనుచున్నారు, వారి ఆదాయమెంత అను మూడింటిని అది కలిపి చూచును. అయినను పొరుగువారిమీది నమ్మకమును కొలుచు గిన్నె ఆ కొలతలోను లేదు. దానిని ఊరివారే కొలుచుకొనవలెను.

ఐనచో ఒక్కొక్కరు చేయవలసినది ఏమియు లేదా? ఎంతయో కలదు. చేతులు కడుగుకొనుట, వేళకు నిద్రించుట, మత్తుపదార్థముల జోలికి పోకుండుట, కోపమును అదుపులో నుంచుకొనుట ఎవరికి వారు చేసికొనవలసిన పనులు. వానిని ప్రభుత్వము చేసిపెట్టజాలదు. త్రాగునీటిని పరీక్ష చేయించుట, చెరువు పూడిక తీయించుట, మురుగు నిలువకుండ చూచుట ఊరు చేయవలసిన పనులు. నదికి ఆనకట్ట కట్టుట, ఆసుపత్రిని నిలుపుట, చట్టము చేయుట ప్రభుత్వము చేయవలసిన పనులు. ఒకరి పనిని మరియొకరిమీద త్రోసినచో మూడును చెడును. ఎనిమిదవ తరగతి చదువు బాలునికిని బాలికకును గూడ ఇందు పాలు కలదు. తరగతిలో నోటికి చేయి అడ్డము పెట్టుకొని నవ్వు పిల్లను చూచి గేలిచేయకుండుట ఒక పని. నాలుగు దినములుగా మాటాడక మూలన కూర్చున్న స్నేహితుని ప్రక్కకు పోయి, "ఏమయినదిరా?" అని యడుగుట మరియొక పని. ఈ రెండింటికిని ధనము అక్కరలేదు.

ఈ దినములలో ఉత్తరములు వ్రాయువారు తగ్గిరి. చేతిలోని ఫోనులో క్షణములో పలుకరింపు ముగియును. కాని "అందరూ బాగున్నారా?" అను ప్రశ్న మారలేదు. సింగరాయకొండ స్టేషనులో రైలు దిగిన బంధువును మొట్టమొదట అడుగు మాట ఇప్పటికిని అదియే. ఆ ప్రశ్నకు "బాగున్నాము" అని నిజముగా చెప్పగలుగుటకు వెనుక ఎన్ని బావులు, ఎన్ని కాలువలు, ఎన్ని రాత్రిబడులు, ఎందరి పూనిక కావలెనో తెలిసినవాడు, తన క్షేమమును ఊరి క్షేమమునుండి వేరుచేసి ఎన్నడును చూడడు.